కాలిన గదికి ఇంటావిడ

తగలబెట్టబోయే గదులకు కర్టెన్లు కుట్టడం టైలరమ్మ పని. అగ్నిమాపక శిక్షణ కేంద్రం వెనక మైదానంలో పాత ఇనప కంటెయినర్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటి లోపల గోడలకు పలకలు బిగించి, రంగులు వేసి, నేల మీద తివాచీ పరిచి, పాత సామాన్ల కొట్ల నుంచి తెచ్చిన సోఫాలూ మంచాలూ సర్ది, చూడగానే ఎవరో కాపురముంటున్న గదుల్లా తయారుచేస్తారు. ఆ తర్వాత నిప్పు పెడతారు. ఆర్పేశాక, మంట ఎక్కడ పుట్టింది, ఎలా పుట్టింది అని బూడిదలో మోకాళ్ళ మీద కూర్చుని వెతకడం నేర్చుకోవడానికి పోలీసులూ ఫైర్ ఆఫీసర్లూ జట్లుజట్లుగా వస్తుంటారు.

స్టోరు గది కిటికీ పక్కన ఆవిడ మిషను. ఆ రోజు ఆకుపచ్చ గీతల గుడ్డకు అంచు మడిచి కుడుతుంటే స్టోర్ కీపరు ఎప్పటిలాగే నవ్వాడు. రేపు బూడిదయ్యేదానికి ఆ మడత దేనికమ్మా, పాడె మీద పరుపుకి దూది ఏకినట్టు, అన్నాడు. అంచు మడవకపోతే అది గుడ్డముక్క అవుతుందిగానీ కర్టెన్ ఎలా అవుతుందని ఆవిడ తలెత్తకుండానే జవాబిచ్చింది. ఈ సంభాషణ ఇద్దరికీ అలవాటే.

అప్పుడే శిక్షణ ఇచ్చే మాస్టారు వచ్చాడు. ఫైర్ ఆఫీసరుగా చేసి రిటైరయినవాడు. ఏళ్ళ తరబడి మింగిన పొగ ఛాతీలో గూడు కట్టుకుని, నాలుగు మాటలకో దగ్గు వస్తుంది. ప్రతి జట్టుకీ ఇంటి యజమాని వేషం కట్టే నాటకాలాయన కాలు విరగ్గొట్టుకున్నాడట. ఈసారికి ఆ పని మీరు చేసిపెట్టాలమ్మా అని అడిగాడు.

తనకు నటన ఏం వచ్చని ఆవిడ బెదిరిపోయింది. నటించక్కర్లేదనీ, వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్తే చాలనీ ఆయన కథంతా వివరించాడు. ఆ గదికి ఆవిడే ఇంటావిడ. సాయంత్రం బల్ల మీద కరెంటు దీపం వేసి, తలుపు దగ్గరగా వేసి పక్కింటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కిటికీలోంచి పొగ. ఎలా అంటుకుందో తెలియదు.

"ముఖ్యమైన సంగతి ఒకటే. మీరు ఏ తప్పూ చేయలేదు. అది గుర్తుంచుకోండి."

"నేనేం చేయలేదు," అని ఆవిడ అప్పజెప్పింది.

"ఆఁ, అంతే," అని దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మేడ మీద ట్యాంకు పొంగి, మెట్ల మీదుగా నీళ్ళు వీధిలోకి పారుతున్నాయి. తమ్ముడు ప్యాంటు మడమల పైకి మడిచి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మరదలు తీగ మీద ఆరేసి మళ్ళీ తడిసిపోయిన బట్టల్ని బకెట్లో వేసుకుంటోంది. ఇద్దరి మొహాలూ ఆఫీసుల నుంచి వచ్చిన మొహాలే. మోటారు వేసి వదిలేసిందెవరని తమ్ముడు అడిగాడు. మరదలు బకెట్టు ఎత్తి దించింది గానీ మాట్లాడలేదు. ఈ మౌనం ఎటు పోతుందో ఆవిడకు తెలుసు. ముందు ఒక సూటిపోటి మాట, దానికొక జవాబు, వంటగదిలో గిన్నెల చప్పుడు, వాళ్ళ పాప పుస్తకం తీసుకుని మంచం కిందికి దూరడం.

"నేనేలేరా. పొద్దున వేసి మరిచిపోయుంటాను," అంది, భుజాన సంచి దించకుండానే.

పంటితో దారం తెంపినట్టు గొడవ అక్కడికి తెగిపోయింది. మరదలు బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళింది. నిజానికి ఆవిడ ఆ పొద్దున మోటారు దగ్గరికే పోలేదు. అయినా ఆ ఒక్క మాటతో ఇంట్లో అందరికీ ఊపిరాడుతుంటే, మాటేం ఖరీదా?

భోజనాలయ్యాక తమ్ముడు ఆవిడ మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు తన అరచేతుల్లోకి చూసుకుని, డాక్టరు దగ్గరికి వెళ్దామక్కా అన్నాడు. మతిమరుపు డాక్టరు. మొన్న గ్యాసు కట్టేయకపోవడం, అంతకుముందు పాప గౌను మీద ఇస్త్రీ పెట్టె వదిలేయడం, గేటు గడియ, ఇవాళ మోటారు.

"నీ తప్పని అనట్లేదక్కా. వయసు. మేం లేనప్పుడు ఇంట్లో ఒక్కదానివే ఉంటావు. రేపు ఏదైనా అయితే?"

ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు. పెద్దవాళ్ళని చూసుకునే చోటు ఒకటుందట. తోట, నర్సు, టీవీ, అన్నీ ఉన్నాయట. వాళ్ళ ఆఫీసులో ఒకాయన తల్లిని చేర్చాడు. ఊరికే చూసిరావడంలో తప్పేముంది అన్నాడు. తప్పేం లేదని ఆవిడా అంది. మంచం మీద పడుకున్నాక గ్యాసు సంగతి గుర్తు తెచ్చుకోబోయింది. ఇస్త్రీ పెట్టె తను తాకలేదు, అది ఖాయం. గేటు తనే వేయలేదేమో. గ్యాసు? నేనే నేనే అని అన్నిసార్లు అన్నాక, చేసినవీ చేయనివీ ఒకే మూటలో కలిసిపోయాయి. ఏది ఏదో విడదీయడానికి ఆవిడకి ఓపిక లేకపోయింది.

*

మర్నాడు గదికి నిప్పు పెట్టారు. శిక్షణకు వచ్చినవాళ్ళను భవనం లోపలే ఉంచి, మాస్టారూ సిబ్బందీ మాత్రమే మైదానంలోకి వెళ్ళారు. ఎలా అంటించారో టైలరమ్మకూ చూపించలేదు. స్టోరు కిటికీలోంచి పొగ మాత్రం కనపడింది. మొదట తెల్లగా, సన్నగా. తర్వాత నల్లగా, చిక్కగా. ఉన్నట్టుండి కిటికీలోంచి, తలుపులోంచి ఒకేసారి మంట బయటికి దూకింది. ఫైరింజను నీళ్ళు కొట్టింది. కాసేపటికి తడిసిన బూడిద వాసన స్టోరులోని గుడ్డల తానులకంతా పట్టేసింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు చిన్న జట్లుగా విడిపోయి పని మొదలుపెట్టారు. ఎవరూ తిన్నగా లోపలికి వెళ్ళకూడదు. ముందు గది చుట్టూ తిరిగి బయటి నుంచి ఫొటోలు తీశారు. తక్కువ కాలిన వైపు నుంచి ఎక్కువ కాలిన వైపుకు నడిచారు. తాపీలతో బూడిదను పొరలు పొరలుగా గీకి, బకెట్లకెత్తి, జల్లెడ పట్టారు. ప్రతి నమూనాకీ చేతి తొడుగులు మార్చుకుని, కొత్త రేకు డబ్బాల్లో మూత బిగించారు. ఎవరో అలవాటు కొద్దీ సిగరెట్ తీస్తే, ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు ఇక్కడెందుకయ్యా అన్నాడు మాస్టారు. నీ బూడిద నా బూడిదలో కలిస్తే దేన్ని చూసి ఏం చెప్తావు?

వచ్చినవాళ్ళలో ఒక ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. నెమ్మదస్తుడు. తోటివాళ్ళు నవ్వులాటలాడుతుంటే పక్కన నిలబడి తుడిచిన కళ్ళద్దాలే తుడుచుకునేవాడు. కళ్ళ కింద చాలా రోజుల నిద్ర బాకీ ఉంది. తన జట్టుకు వాంగ్మూలం తీసుకునే పని ఆయనే తీసుకున్నాడు. తివాచీ తీసిన చోట చెక్క నేల మీద నల్లటి మరకలు, ఏదో ఒలికి మడుగు కట్టినట్టు, వంకరటింకరగా కనిపించాయి. వాటిని చూశాక ఆయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఇంటావిడను పిలిపించమన్నాడు.

రేకుల షెడ్డులో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆయన ముందు మంచినీళ్ళు తెప్పించి, ఆవిడ తాగిందాకా ఆగాడు. ఎండ మొహాన పడుతోందని కుర్చీ జరిపించాడు. అప్పుడు అడగడం మొదలుపెట్టాడు. ఆవిడ మాస్టారు చెప్పినట్టే చెప్పింది. దీపం వేశాను, పక్కింటికి వెళ్ళాను, వచ్చేసరికి పొగ. ఆయన తలూపి మళ్ళీ మొదటి నుంచి అడిగాడు. పక్కింటికి వెళ్ళేటప్పుడు తాళం వేశారా? తాళం చెవి ఎవరి దగ్గరుంది? ఇంట్లో ఇంకెవరున్నారు? ఎవరూ లేకపోతే మరి మంట తనంతట తను పుడుతుందా? తెలియదంది. నేల మీద మడుగులా కాలింది, నూనె పోస్తే తప్ప అలా కాలదు, దానికేమంటారు? తెలియదంది.

తెలియదు అన్న ప్రతిసారీ ఆయనకు కోపం వచ్చేది కాదు, మొహం చిన్నబోయేది. తనేదో ఆయన్ని నొప్పిస్తున్నట్టు అనిపించింది ఆవిడకు. రేకుల కింద గాలి ఆడడం లేదు. బయట మిగతావాళ్ళు పనిముట్లు కడుగుతున్న చప్పుడు. తన బస్సు వెళ్ళిపోయే వేళయింది. ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరిగి, గొంతు ఇంకా తగ్గించి, కావాలని చేశారని నేననడం లేదమ్మా అన్నాడు. ఇంటెడు చాకిరీ, పలకరించే దిక్కు లేదు, ఏదో విసుగులో ఒక క్షణం అలా అయిపోయి ఉంటుంది, మనిషన్నాక. మిమ్మల్ని చూస్తే మా పెద్దమ్మ గుర్తొస్తోంది అన్నాడు.

"ఒక్క మాట చెప్పేస్తే మీకూ భారం దిగుతుంది. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోవచ్చు."

ఆవిడ షెడ్డు గుమ్మం వైపు చూసింది. తర్వాత ఆయన అలసిపోయిన కళ్ళ వైపు చూసింది.

"అవును బాబూ. నేనే," అంది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకున్నాడు. థాంక్స్ అమ్మా అన్నాడు, మనసులోంచి. ఆవిడ కూడా తేలికపడింది. ఆయన జట్టు ఆ పూట తవ్వకం ఆపేసి బస గదులకు వెళ్ళిపోయింది. జవాబు దొరికాక ఇంకా బూడిదెందుకు పిసకడం?

*

తర్వాతి రోజు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఒక్కో జట్టునీ లేపి, ఏం కనిపెట్టారో చెప్పమన్నాడు మాస్టారు. టైలరమ్మను కూడా వచ్చి కూర్చోమన్నాడు. ఆవిడ తలుపు దగ్గర కుర్చీలో అంచు మీద కూర్చుంది.

ఒక జట్టు ఇంకా తేల్చుకోలేకపోయామని చెప్పింది. ఇంకో జట్టు సోఫా చివర బూడిదలో బల్బు తాలూకు ఇత్తడి మూతి, దీపం కాడ దొరికాయనీ, అవి బల్ల ఉన్న చోట కాక దిళ్ళ బూడిద కింద ఉన్నాయనీ చెప్పి, ఫొటోలు చూపించింది. ఇన్‌స్పెక్టరు లేచి, తడుముకోకుండా, నేల మీద మరకల గురించి చెప్పి, ఇంటావిడ ఒప్పుకున్న సంగతితో ముగించాడు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

మాస్టారు దీపాలు ఆర్పించి, గదిలో బిగించిన కెమెరా తీసిన వీడియో వేయించాడు. తెర మీద ఆ గది. బల్ల, బల్ల మీద దీపం, సోఫా, ఆకుపచ్చ గీతల కర్టెన్. ఒక తాడు మెల్లగా దీపాన్ని లాగింది. దీపం వెలుగుతూనే దిళ్ళ మీదికి ఒరిగి, వేడి బల్బు వాటికి ఆనుకుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పొగ, తర్వాత చిన్న నాలుకంత మంట. అది కర్టెన్ అంచు పట్టుకుని పైకి పాకింది. ఎంత శ్రద్ధగా కుట్టానో అనుకుంది టైలరమ్మ, అంత గాభరాలోనూ. పైకప్పు కింద నల్లటి పొగ పేరుకుంటూ కిందికి దిగుతూ వచ్చి, ఒక్క క్షణంలో గదిలో ఉన్నదంతా, తివాచీతో సహా, ఒకేసారి భగ్గుమంది. తెర తెల్లబడిపోయింది.

గదంతా ఒకేసారి అంటుకున్నప్పుడు నేల కూడా ఇలాగే మడుగులు మడుగులుగా కాలుతుందనీ, చుక్క నూనె అక్కర్లేదనీ, డబ్బాల్లో పంపిన నమూనాల్లోనూ ఏమీ లేదనీ మాస్టారు చెప్పాడు. ఆ మరకలు చూసి మోసపోనివాడు ఈ గదిలో ఎవడూ లేడు, నాతో సహా, అన్నాడు. తర్వాత తలుపు వైపు తిరిగాడు.

"అమ్మా, మీకు నేనేం చెప్పాను?"

"నేనేం చేయలేదని చెప్పారు సార్."

"మరి చేశానని ఎందుకన్నారు?"

ఆవిడ లేచి నిలబడింది. తన వల్ల పని చెడిపోయిందని భయపడింది. "చేయలేదనే చెప్పాను సార్. చాలాసార్లు చెప్పాను. ఆ మాట ఆయనకి పనికిరాలేదు."

కొందరు నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని, తుడవకుండా అలాగే కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన స్టోరు గదికి వచ్చాడు. ఆవిడ వచ్చే జట్టు గదులకు కిటికీ కొలతలు చూసి గుడ్డ కత్తిరిస్తోంది. క్షమించండి బాబూ, మీ పరువు తీశాను, అంది ఆవిడే ముందు. ఆయన అదేం లేదన్నట్టు చెయ్యి ఊపి, గుడ్డల తాను మీద కూర్చోబోయి, ఆగి, గోడకు ఆనుకున్నాడు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. నేను మిమ్మల్ని తిట్టానా? బెదిరించానా?"

"అయ్యో, లేదు. ఎంతో మర్యాదగా అడిగారు. నీళ్ళిచ్చారు. ఎండ తగలకుండా కూర్చోబెట్టారు."

"మరి?"

ఆవిడ కత్తెర కింద పెట్టింది. ఎలా చెప్పాలో తెలియక గుడ్డ మడత సర్దింది. "మీకు కావలసిన మాట ఒకటే అని తెలిసిపోయింది బాబూ. ఎన్నిసార్లు తిప్పి చెప్పినా మీరు మళ్ళీ అక్కడికే వస్తారు. మీరూ అలిసిపోయారు, నేనూ అలిసిపోయాను. ఆ మాట ఇచ్చేస్తే ఇద్దరం లేచిపోవచ్చుననిపించింది."

"జైలుకి పోతారని తోచలేదా?"

"ఇది ఉత్తుత్తిదే కదా అనుకున్నా..." అని ఆగింది. "నిజందైనా ఆ పూటకి తోచేది కాదేమో. ముందు ఇంటికి పోవాలనే ఉంటుంది."

 ఆవిడ అడగకుండానే ఆయన చెప్పాడు. తన ఊళ్ళో ఒక బట్టల గోడౌను కాలింది. వాచ్‌మన్ ఒప్పుకున్నాడు. చెయ్యి చేసుకున్నది లేదు. టీ తాగించి, పక్కన కూర్చుని, వాడి బాధలన్నీ విన్నాక అడిగితే ఒప్పుకున్నాడు. నేల మీద అచ్చం ఇలాంటి మరకలే. వాడి భార్య రోజూ వచ్చి స్టేషను ఎదురుగా అరుగు మీద కూర్చుంటుంది. గొడవ చేయదు, అరవదు, ఊరికే కూర్చుంటుంది. ఇక్కడికి ట్రైనింగుకి వచ్చింది కూడా ఆవిడ కంటపడకుండా నాలుగు రోజులు గడపొచ్చనేనమ్మా అన్నాడు.

"అతను నిప్పు పెట్టలేదా మరి?"

"ఏమో. వాడు పెట్టాడో లేదో నాకు తెలీదు. నిన్నటిదాకా తెలుసు."

బయటికి వెళ్ళి, కిటికీ అవతల నిలబడి ఫోను చేశాడు. మాటలు ఆవిడకు వినపడుతూనే ఉన్నాయి. గోడౌను ఊడ్చేయమని ఓనరుకు చెప్పారా? ఆపించు. తాళం వేయించి ఎవరినీ అడుగు పెట్టనీయకు. అంతా మళ్ళీ తవ్వాలి. అవతలివాళ్ళు ఏమన్నారో గానీ, ఒప్పుకున్నాడని నాకూ తెలుసయ్యా, ఒప్పించింది నేనే, అని ఫోను పెట్టేశాడు. తిరిగి లోపలికి రాలేదు. మైదానం దాటి, కాలిన గదిలోకి వెళ్ళి, అందరూ వదిలేసిన బూడిద ముందు ఒంటరిగా గొంతుక్కూర్చున్నాడు.

*

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు అప్పటికే చేరి, మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పాపకు జడ వేస్తూ మరదలు కింద కూర్చుని ఉంది. పక్కన ఆరిన బట్టల కుప్ప. రేపు సెలవు పెట్టానక్కా అన్నాడు తమ్ముడు. పొద్దున డాక్టరు, అటునుంచి అటే ఆ చోటు చూసొద్దాం, వాళ్ళతో మాట్లాడాను. గది కిటికీ తోట వైపే ఉంటుందట.

ఆవిడ సంచి మిషను మీద పెట్టింది. మామూలుగా అయితే సరేరా అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళేది. వెళ్ళలేదు.

"మోటారు నేను వేయలేదురా," అంది.

ఏ మోటారన్నట్టు చూశాడు తమ్ముడు. గుర్తొచ్చాక, "నువ్వే వేశానన్నావుగా?" అన్నాడు.

"అన్నాను. వేయలేదు."

అతను మరదలి వైపు తిరిగి, జాలిగా, లోగొంతుకతో అన్నాడు. "చూశావా, అదీ మరిచిపోయింది."

తొక్కిన ఊబిలోంచి కాలు తీయబోతే రెండో కాలు దిగబడినట్టయింది ఆవిడకు. ఒప్పుకుంటే మతిమరుపు, కాదంటే ఇంకా మతిమరుపు. ఏమోలేరా, నేనే అయ్యుంటాను అన్న మాట నాలుక చివరికొచ్చి కూర్చుంది. అదొక్కటి అనేస్తే చాలు, స్టూలు మీది మనిషి లేస్తాడు, పాప జడ పూర్తవుతుంది, అందరూ భోజనాలకు లేస్తారు. ఒళ్ళంతా ఆ మాట వైపే వాలిపోతోంది. ఆవిడ మిషను చక్రం పట్టుకుని నిలబడింది. ఏమీ అనలేదు. ఊరుకోవడం ఇంత కష్టమని ఆవిడకు ఇన్నేళ్ళకు తెలిసింది.

"అయితే ఎవరు వేశారంటావు? నేనా?" తమ్ముడి గొంతు కాస్త లేచింది.

"నేను కాదు. అంతవరకే నాకు తెలుసు."

మరదలి చేతిలో దువ్వెన ఆగిపోయింది. పాప తల వెనక్కి వంచి తల్లి మొహంలోకి చూసింది. మరదలు దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలు తీస్తూ, వాటితోనే మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా అంది.

"ఆ రోజు పొద్దున్నంతా కరెంటు లేదండీ. వదిన వెళ్ళేదాకా రాలేదు." దువ్వెన ఒళ్ళో పెట్టుకుంది. "నేను పర్మిషన్ పెట్టి మధ్యాహ్నం ఇంటికొచ్చి వెళ్ళాను కదా. అప్పుడుంది."

అంతకంటే చెప్పలేదు. తమ్ముడు ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. అరుస్తాడనుకుంది టైలరమ్మ. అరవలేదు. అతని మొహం మీద మెల్లగా ఇంకేదో కదిలింది. మోటారు దాటి వెనక్కి, ఇంకా వెనక్కి, గేటు, ఇస్త్రీ పెట్టె వరకూ వెళ్తున్నట్టుంది. జేబులోంచి ఫోను తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత స్టూలు దిగి, ఆవిడ ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, చిన్నప్పుడు ఆవిడ దగ్గర కూర్చున్నట్టు.

"గ్యాసు సంగతి... కూర్చో అక్కా," అన్నాడు. "ఆ రోజు ఏం జరిగింది? నువ్వు చెప్పు."

ఆ రోజు నువ్వేనా అని కాకుండా, ఏం జరిగిందని ఆవిడను ఆ ఇంట్లో ఎవరూ అడిగి ఎరగరు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాసేపు తడబడింది. మిషను ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆ పొద్దున తను నిద్రలేచిన దగ్గర్నుంచి ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ చెప్పసాగింది. గుర్తులేని చోట గుర్తులేదనే చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది. వంట చల్లారిపోయింది గానీ మధ్యలో ఎవరూ లేవలేదు.